ఐఎస్ఎస్ నుంచి తీసిన పాలపుంత ఫోటోల్లో చుక్కలు సాగకుండా ఎలా వస్తున్నాయి?

మిర్యాలగూడ_స్టూడియో

అందరికీ నమస్తే. నాకు మిర్యాలగూడలో ఫోటో స్టూడియో ఉంది, పెళ్లిళ్లు, ఫంక్షన్లు చేస్తాం. మూఢాలు వచ్చి ముహూర్తాలు ఆగిపోయిన రోజుల్లో కెమెరా, ట్రైపాడ్ బండి మీద వేసుకుని చందంపేట దాటి కృష్ణ వెనక జలాల దాకా పోయి ఆకాశం తీస్తుంటాను. అక్కడ హైదరాబాద్ వెలుతురు ఉత్తరం అంచున కొంచెం తెలుస్తుంది గానీ దక్షిణం అంతా నల్లమల చీకటే, ఏప్రిల్, మే నెలల్లో వృశ్చికం పైకొచ్చాక పాలపుంత మామూలు కంటికే కనిపిస్తుంది.

విషయం ఏంటంటే, నా 24 ఎంఎం లెన్స్‌తో 20 సెకన్లు దాటితే చుక్కలు సాగిపోతాయి. 500ని లెన్స్ ఎంఎంతో భాగిస్తే ఎన్ని వస్తే అన్ని సెకన్లు అనే లెక్క ఇక్కడ అందరికీ తెలిసిందే. నేల మీద కదలకుండా నిలబెట్టిన ట్రైపాడ్‌కే 20 సెకన్లు హద్దు. మరి అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం (ఐఎస్ఎస్) గంటకు 27,000 కిలోమీటర్లకు పైగా వేగంతో పోతోంది కదా, అందులో ఉండి డాన్ పెటిట్ అనే వ్యోమగామి తీసిన పాలపుంత ఫోటో ఒకటి 2025 జనవరిలో బాగా తిరిగింది, మీలో చాలామంది చూసే ఉంటారు. అందులో చుక్కలు సూదిమొనల్లా ఉన్నాయి, కింద ఊళ్ల లైట్లు మాత్రం గీతలు పడ్డాయి. నాకు ఇది తలకిందులుగా అనిపిస్తోంది. అంత స్పీడులో పోయే కెమెరాకి చుక్కలు ఎలా ఆగాయి?

రెండోది, పగటి పూట తీసిన స్పేస్‌వాక్ ఫోటోల్లో ఆకాశం కారు నలుపు, ఒక్క చుక్క ఉండదు. మా అక్క కొడుకు ఇంటర్ చదువుతున్నాడు, వాడు అవన్నీ స్టూడియోలో తీసినవి మామా అంటాడు. వాడికి నేను సరిగ్గా చెప్పగలగాలి.

మూడోది, అంత పైకి పోయినందుకు ఫోటోలో నిజంగా వచ్చే లాభం ఏంటి? తెలిసినవాళ్లు వివరంగా రాయండి, పెద్దగా ఉన్నా పర్లేదు, చదువుతాను.


వనపర్తి_ఫిజిక్స్‌సార్

అన్నా, ముందు మీ మేనల్లుడి సంగతి చూద్దాం, అది తేలిక. రాత్రి పెళ్లిలో ఆరుబయట మండపం ముందు ఫ్లడ్ లైట్లు పెట్టి మీరు తీసిన ఫోటో ఏదైనా వాడికి చూపించండి. షట్టర్ సెకనులో 200వ వంతు దగ్గరో 250వ వంతు దగ్గరో పెట్టి ఉంటారు. వెనక ఆకాశంలో ఒక్క చుక్కైనా పడిందా? ఆ రాత్రి చుక్కలు లేకనా? ఎండలో మెరిసే తెల్లటి స్పేస్‌సూట్‌ను తీయాలంటే షట్టర్ సెకనులో కొన్ని వందలవ వంతు పెట్టాలి, చుక్కలు పడాలంటే సెకన్ల తరబడి తెరిచి ఉంచాలి. రెండూ ఒకే ఫోటోలో రావు. చంద్రుడి మీద తీసిన అపోలో ఫోటోల్లో చుక్కలు లేకపోవడానికి కూడా కారణం ఇదే. అప్పటికీ నమ్మకపోతే పున్నమి నాడు చంద్రుడి మీద మచ్చలు స్పష్టంగా కనిపించేట్టు వాడి చేతే ఒక ఫోటో తీయించండి, పక్కన చుక్కలు ఉన్నాయేమో వాడే చూసుకుంటాడు.

ఇక అసలు ప్రశ్న. చుక్కలు సాగడానికి వేగంతో పని లేదు, తిరగడంతోనే పని. సూర్యుణ్ని వదిలేస్తే మనకు అన్నిటికంటే దగ్గరి నక్షత్రం 4.2 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. పది సెకన్లలో స్టేషన్ 76 కిలోమీటర్లు ముందుకు పోతుంది, అంత దూరం ముందు అది లెక్కలోకే రాదు. కెమెరా ఒకే దిక్కు చూస్తూ ఎంత వేగంగా పోయినా చుక్కలు ఎక్కడివక్కడే ఉంటాయి. కెమెరా దిక్కు మారితేనే సాగుతాయి. నేల మీద మీ ట్రైపాడ్ కదలట్లేదు అని మీరనుకుంటున్నారు గానీ భూమితో పాటు అది గంటకు 15 డిగ్రీలు తిరుగుతోంది, మీ 20 సెకన్ల హద్దు దానివల్లే వచ్చింది.

మరి స్టేషన్ తిరగదా అంటే, తిరుగుతుంది, భూమి కంటే చాలా తొందరగా తిరుగుతుంది. చెర్వుగట్టు మీద గుడి చుట్టూ ప్రదక్షిణ చేస్తున్నామనుకోండి. స్వామి ఎప్పుడూ మన కుడిచేతి వైపే ఉంటాడు. ఒక చుట్టు పూర్తయ్యేసరికి నాలుగు దిక్కులూ మన మొహానికి ఎదురుగా వచ్చిపోతాయి, అంటే గుడి చుట్టూ తిరిగినట్టే మన చుట్టూ మనం కూడా ఒకసారి తిరిగిపోయినట్టు. స్టేషన్‌ది కూడా అదే పద్ధతి. దానికి అడుగున కుపోలా అని కిటికీల గది ఒకటి ఉంది, ఆ కిటికీలు ఎప్పుడూ భూమి వైపే ఉండాలి కాబట్టి భూమిని ఒకసారి చుట్టే 93 నిమిషాల్లో అది తన చుట్టూ తాను కూడా ఒకసారి తిరుగుతుంది. 360ని 93తో భాగిస్తే నిమిషానికి దాదాపు 4 డిగ్రీలు, సెకనుకు 0.064 డిగ్రీ. మన భూమి తిరిగేది నిమిషానికి పావు డిగ్రీ. అంటే అక్కడ ఆకాశం కెమెరా ముందు నుంచి మనకంటే పదిహేను రెట్లకు పైగా వేగంగా జరిగిపోతుంది.

మీ 500 లెక్కనే అక్కడికి తీసుకెళ్దాం. 24 ఎంఎంకి మీకు 20 సెకన్లు వస్తే అక్కడ వచ్చేది ఒక సెకను, ఇంకో చిటికెడు. కెమెరాను కిటికీకి బిగించి వదిలేస్తే అంతే. కాబట్టి మీ సందేహం సరైన చోటే ఉంది, 10, 15 సెకన్ల ఫోటోలో చుక్కలు సూదిమొనల్లా ఉన్నాయంటే ఎవరో కెమెరాను వెనక్కి తిప్పుతున్నారన్నమాట.

ఇంకొక్క మాట చెప్పి ఆపుతాను, ఇది నాకు చాలా ఇష్టమైన సంగతి. పెటిట్ గారే 2011, 2012లో స్టేషన్ మీద ఉన్నప్పుడు చుక్కల్ని కావాలనే సాగదీసి తీశారు. డిజిటల్ కెమెరాలో ఒకే ఎక్స్‌పోజర్ చాలాసేపు పెడితే నాయిస్ (ఫోటోలో పడే గరుకు మచ్చలు) నిండిపోతుందని 30 సెకన్ల ఫ్రేములు వరసగా తీసి, పది, పదిహేను నిమిషాలవి ఒకదాని మీద ఒకటి కలిపారు. ఆ వలయాల మధ్య బిందువు చూడండి, అక్కడ ధ్రువ నక్షత్రం ఉండదు. మనం భూమితో తిరుగుతాం కాబట్టి మన ఫోటోల్లో వలయాలు ధ్రువం చుట్టూ పడతాయి, వాళ్లు కక్ష్యతో తిరుగుతారు కాబట్టి కక్ష్య తలానికి నిలువుగా ఉండే దిక్కు చుట్టూ పడతాయి. మా పిల్లలకు ఈ రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టి చూపిస్తే తిరిగే అక్షం అంటే ఏమిటో బోర్డు మీద బొమ్మ గీయాల్సిన పని లేకుండానే తెలిసిపోతుంది.


పేట_నుంచి_బెంగళూరు

సార్ బాగా చెప్పారు. నాది సూర్యాపేట, బెంగళూరులో ఉపగ్రహాల దిశను అదుపులో పెట్టే సాఫ్ట్‌వేర్ మీద పని చేస్తాను. సార్ ఆపిన దగ్గర నుంచి రాస్తాను.

వెనక్కి తిప్పేది ట్రాకర్. పెటిట్ 2024 సెప్టెంబర్‌లో రష్యా సోయజ్ నౌకలో పైకి పోయి 2025 ఏప్రిల్‌లో దిగారు, ఆ విడతలో ఆయన దగ్గర సొంతంగా తయారుచేసుకున్న ట్రాకర్ ఉంది. అది సెకనుకు 0.064 డిగ్రీ తిరుగుతుంది, సార్ పైన లెక్కగట్టిన అంకే. స్టేషన్ ఒక వైపు తిరుగుతుంటే ఇది అంతే వేగంతో రెండో వైపు తిరుగుతుంది, కెమెరా ఆకాశంలో ఒకే చోట నిలుస్తుంది. స్టేషన్‌కి అతుక్కుని ఉన్న డ్రాగన్ నౌక కిటికీలోంచి ఆయన మెజెల్లన్ మేఘాలను (పాలపుంత పక్కన ఉండే రెండు చిన్న గెలాక్సీలు) కూడా ఇట్లాగే తీశారు.

ఊళ్ల లైట్లు ఎందుకు గీతలు పడ్డాయంటే, ఇక్కడ మాత్రం వేగానిదే పని. భూమి 400 కిలోమీటర్ల దూరంలోనే ఉంది, చుక్కల్లా కాదు. స్టేషన్ కింద నేల సెకనుకు ఏడు కిలోమీటర్లకు పైగా వెనక్కి పోతుంది. మహబూబ్‌నగర్ మీద ఉన్నది నల్గొండ మీదికి రావడానికి 20 సెకన్లు చాలు. చుక్కల కోసం పది సెకన్లు షట్టర్ తెరిచారంటే ఆ లోపల నల్గొండ నుంచి కోదాడ అంత దూరం కదిలిపోయారు, నేరుగా కింద ఉన్న ప్రతి వీధి దీపం అంత పొడవు గీత అవుతుంది. చుక్కలైనా ఆగాలి, నేలైనా ఆగాలి, ఒకే ఫ్రేములో రెండూ ఆగవు. మీకు తలకిందులుగా అనిపించిన ఫోటో ఆ కారణంగానే అట్లా ఉంది.

నేలను ఆపడం ఇంకా కష్టం. ఉదాహరణకి 45 మెగాపిక్సెళ్ల ఫుల్‌ఫ్రేమ్ కెమెరాకి 400 ఎంఎం లెన్స్ పెట్టి నేరుగా కిందికి చూస్తే ఒక పిక్సెల్‌కి నేల మీద సుమారు 4 మీటర్లు వస్తుంది. రాత్రి ఊరు కదా అని షట్టర్ సెకనులో 30వ వంతుకు తగ్గించారనుకోండి, ఆ కాస్తలోనే నేల 240 మీటర్లు జరిగిపోయింది, అంటే 50 పిక్సెళ్లకు పైనే. అందుకని వ్యోమగాములు కెమెరాను చేత్తో పట్టుకుని కింద ఊరు ఎటు పోతే అటు తిప్పుతూ నొక్కుతారు, అది అలవాటు కావడానికి కొంత కాలం పడుతుంది. పెటిట్ 2003లో మొదటిసారి స్టేషన్‌లో ఉన్నప్పుడు అక్కడ పడి ఉన్న పాత ఐమ్యాక్స్ కెమెరా మౌంటు, స్క్రూలు బిగించే డ్రిల్లు లాంటివాటితో ఒక ట్రాకర్ కట్టి రాత్రి నగరాలు తీశారు, అది చుక్కల కోసం కాదు, నేల కోసం. తర్వాత 2012లో యూరప్ అంతరిక్ష సంస్థ నైట్‌పాడ్ అని మోటారుతో తిరిగే స్టాండు పంపింది, దాని పని కూడా అదే.

తీసే టైము కూడా తక్కువే. 93 నిమిషాల చుట్టులో చీకటి ఉండేది సుమారు 35 నిమిషాలు. అందులో చంద్రుడు ఉంటే సగం పాడు. పైగా ఏడాదిలో కొన్ని రోజులు కక్ష్య సూర్యుడికి అడ్డంగా తిరిగి ఉంటుంది, ఆ రోజుల్లో స్టేషన్‌కి రాత్రే రాదు. లోపలి లైట్లు కిటికీ అద్దంలో ప్రతిబింబిస్తాయి, కాబట్టి కెమెరాకి, కిటికీకి మధ్య నల్ల గుడ్డ కట్టాలి. ట్రైపాడ్‌కి అక్కడ అర్థం లేదు, బరువు ఉంటే కదా కింద నిలబడేది, కీళ్లు ఉండే లోహపు చెయ్యి ఒకటి కడ్డీకి బిగించి దానికి కెమెరా పెడతారు.


పాలమూరు_తార

నేను ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదువుతున్నాను, ఊరు మహబూబ్‌నగర్. మూడో ప్రశ్న ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి అది నేను తీసుకుంటాను అన్నా.

పైకి పోతే దగ్గరికి పోయినట్టు కాదు. 400 కిలోమీటర్లంటే నల్గొండ నుంచి తిరుపతికి గీత గీస్తే ఎంతో దాదాపు అంత. పాలపుంత మీకు చందంపేటలో ఎంత పెద్దగా కనిపిస్తుందో వాళ్లకూ అంతే. లాభమంతా గాలి దాటిపోవడంలో ఉంది. మనకు చుక్కలు మిణుకుమనేది గాలి కదలికల వల్ల, అక్కడ మిణుకుమనవు. దానికంటే మీ లాంటి వైడ్ లెన్స్ ఫోటోకి ఎక్కువ పనికొచ్చేది వేరే ఉంది. మనకు వృశ్చికం తోక దిగంతానికి దగ్గరగా వచ్చేసరికి దుమ్ములో, తేమలో, ఊళ్ల వెలుతురులో ఎర్రబారి మసకబారిపోతుంది కదా, వాళ్లకు చుక్కలు భూమి అంచు దాకా దిగిపోయినా రంగు, వెలుగు పెద్దగా తగ్గవు.

ఆ అంచునే ఒకసారి పెద్దది చేసి చూడండి. నేల వంపుకి కొంచెం పైన సన్నని ఆకుపచ్చ గీత ఒకటి, భూమికి సమాంతరంగా పోతూ కనిపిస్తుంది. అది ధ్రువాల దగ్గర కనిపించే అరోరా కాదు. దాదాపు 95, 100 కిలోమీటర్ల ఎత్తులో ఆక్సిజన్ పరమాణువులు పగలు సూర్యుడి నుంచి అందుకున్న శక్తిని రాత్రి వదులుతూ వెలిగే వెలుగు, తరంగదైర్ఘ్యం 557.7 నానోమీటర్లు. దాన్ని ఎయిర్‌గ్లో అంటారు. ఆ గీతకి, నేలకి మధ్య ఖాళీలో కూడా చుక్కలు కనిపిస్తాయి, ఆకుపచ్చ పొర కింద నుంచి చుక్కలు మునిగిపోతున్న ఫ్రేములు నేను ఎన్నిసార్లు చూసినా మళ్లీ చూస్తాను. ఈ వెలుగు మన నెత్తి మీద కూడా ప్రతి రాత్రీ ఉంటుంది. నల్లమల మధ్యలో ఒక్క బల్బు లేని చోట కూడా ఆకాశం పూర్తి నలుపు కాకపోవడానికి ఇది ఒక కారణం. స్టేషన్ ఆ పచ్చ పొరకు పైన ఉంది, వాళ్లు పైకి చూస్తే మధ్యలో అది అడ్డం లేదు.

నష్టాలు కూడా చెప్పాలి. కుపోలాలో ఏడు కిటికీలు, నడిమిది 80 సెంటీమీటర్లు, 2010లో బిగించారు. ఒక్కో కిటికీకి నాలుగు పొరల అద్దం ఉంటుంది, లోపలి పొర గీతలు పడకుండా, బయటి పొర చిన్న చిన్న రాళ్లు తగిలితే తట్టుకోవడానికి. అన్ని అద్దాల్లోంచి తీయాలి. పైగా కుపోలా కిందికి చూస్తుంది కాబట్టి నడినెత్తి ఆకాశం దాంట్లోంచి రాదు. ఇంకోటి కాస్మిక్ కిరణాలు. అవి సెన్సార్‌లోని పిక్సెళ్లను ఒక్కొక్కటిగా పాడుచేస్తూ పోతాయి, లాంగ్ ఎక్స్‌పోజర్‌లో ఎర్రవి, నీలివి చుక్కలు వస్తుంటాయి, కొంతకాలానికి కెమెరా బాడీలు మార్చాల్సిందే. చుక్క ఏది, చచ్చిన పిక్సెల్ ఏది అని వేరు చేయడానికి మీరు లెన్స్ మూత పెట్టి తీసే డార్క్ ఫ్రేములే వాళ్లకూ దిక్కు.

మనుషులు తీసిన ఫోటోల గురించే మాట్లాడుతున్నాం గానీ మన ఇస్రో టెలిస్కోపు ఉపగ్రహం ఆస్ట్రోశాట్‌ను మర్చిపోవద్దు. 2015 సెప్టెంబర్ 28న శ్రీహరికోట నుంచి పోయింది, 650 కిలోమీటర్ల ఎత్తు. దాంట్లో యూవీఐటీ అని అతినీలలోహిత కాంతిలో ఫోటోలు తీసే జంట టెలిస్కోపులు ఉన్నాయి. ఆ కాంతిలో ఎక్కువ భాగం ఓజోన్ దగ్గరే ఆగిపోతుంది, నేల మీద ఎంత ఖరీదైన కెమెరా పెట్టినా రాదు. మీకు నచ్చే సంగతి ఇది: ఉపగ్రహం ఎంత నిలకడగా ఉన్నా కొంచెం కొంచెం జరుగుతూనే ఉంటుంది కాబట్టి యూవీఐటీ ఒకే పొడవైన ఎక్స్‌పోజర్ తీయదు. సెకనుకు దాదాపు 29 ఫ్రేములు తీసుకుంటూ పోతుంది, పక్కనే మామూలు కాంతిలో పనిచేసే ఛానల్‌లో చుక్కలు ఎటు ఎంత జరిగాయో చూసి, ఆ మేరకు ఒక్కో ఫ్రేమును సర్ది కలుపుతారు. మీరు కంప్యూటర్లో చాలా ఫ్రేములను ఒకటిగా కలిపే స్టాకింగ్‌దీ ఇదే దారి.

మా ఊరి మాట ఒకటి చెప్పకుండా ఉండలేను. 2021 నవంబర్ నుంచి 2022 మే దాకా స్టేషన్‌లో ఉన్న క్రూ-3 అనే వ్యోమగాముల బృందానికి కమాండర్ రాజా చారి, ఆయన మూలాలు మా పాలమూరువే. ఆ రోజుల్లో స్టేషన్ మా ఊరి మీదుగా పోతుందంటే మా నాయనమ్మ కూడా మిద్దె ఎక్కింది.


మిర్యాలగూడ_స్టూడియో

సార్, అన్నా, చెల్లెమ్మా, ముగ్గురికీ చాలా చాలా థ్యాంక్స్. ప్రదక్షిణ మాటతో నాకు మొత్తం అర్థమైపోయింది, మేనల్లుడిని కూర్చోబెట్టి ఫోన్లో ఇదంతా చదివించాను, వాడు ఇప్పుడు పున్నమి ఎప్పుడా అని చూస్తున్నాడు.

ఇంకో రెండు అడుగుతాను. పెటిట్ గారు డ్రిల్లుతో కట్టుకున్నట్టు మనం నేల మీద ట్రాకర్ కట్టుకోవచ్చా? కంపెనీ ట్రాకర్ కొనాలంటే నాకు ఒక సీజన్ సంపాదన అందులోనే పోతుంది. మా బామ్మర్దికి వడ్రంగం పని ఉంది, కొలతలు ఇస్తే చేసిపెడతాడు. రెండోది, మా మిర్యాలగూడను పై నుంచి ఎవరైనా రాత్రిపూట తీశారా, ఎక్కడ వెతకాలి?


పాలమూరు_తార

రెండోది నేను చెప్తాను అన్నా. నాసా జాన్సన్ స్పేస్ సెంటర్ వాళ్ల గేట్‌వే టు ఆస్ట్రోనాట్ ఫోటోగ్రఫీ ఆఫ్ ఎర్త్ అనే సైట్‌లో వ్యోమగాములు తీసిన ఫోటోలన్నీ ఉచితంగా ఉంటాయి, లెన్స్ ఎంత, ఏ టైముకి తీశారు అన్నీ ఇస్తారు. ఊరి పేరు కొడితే దొరక్కపోవచ్చు, అక్షాంశం 16.87, రేఖాంశం 79.56 ఇచ్చి వెతకండి. ఒకటి గుర్తుపెట్టుకోండి, చాలా ఫోటోలకు రాసి ఉండే అక్షాంశం, రేఖాంశం స్టేషన్ ఆ క్షణాన ఎక్కడ ఉందో చెప్పేవి, ఫోటోలో ఉన్న చోటువి కావు. విశాఖ మీద ఉండి హైదరాబాద్ వైపు తీసినవి కూడా ఉండొచ్చు, చుట్టుపక్కల కూడా చూడండి. రాత్రి ఫ్రేముల్లో ముందు హైదరాబాద్‌ను పట్టుకుని అక్కడి నుంచి విజయవాడ హైవే వెంబడి చౌటుప్పల్, సూర్యాపేట, కోదాడ అని లైట్ల వరస పట్టుకుంటే దానికి దక్షిణాన మీ ఊరు దొరుకుతుంది. కృష్ణ, సాగర్ నల్లగా ఉంటాయి, వాటి గట్టును బట్టి కూడా గుర్తుపట్టొచ్చు.

శుభాంశు శుక్లా గారు 2025లో వెళ్లొచ్చాక పెట్టిన టైమ్‌ల్యాప్స్ కూడా చూడండి, హిందూ మహాసముద్రం మీద నుంచి మన తూర్పు తీరం వెంబడి ఉత్తరానికి పోతుంది, మధ్యమధ్యలో ఊదా రంగులో మెరుపులు.


అచ్చంపేట_చీకటి

ట్రాకర్ సంగతి నాకు వదిలేయండి అన్నా, నేను వాడేది చేత్తో చేసిందే, నాలుగేళ్లుగా నల్లమల అంచున దాంతోనే తీస్తున్నా.

రెండు గట్టి చెక్క పలకలు, అడుగు పైన పొడవు ఉండాలి. ఒక చివర తలుపు బందుతో రెండిటినీ కలపాలి, బందు వదులుగా ఉంటే మొత్తం వేస్ట్. 6 ఎంఎం బోల్టు తీసుకోండి, మామూలు షాపుల్లో దొరికేదానికి మర మర మధ్య 1 ఎంఎం ఉంటుంది, ఒక చుట్టు తిప్పితే 1 ఎంఎం లేస్తుంది. బందు పిన్ను మధ్య నుంచి సరిగ్గా 228.5 ఎంఎం దూరంలో కింది పలకకు బెజ్జం వేసి నట్టు దించండి. బోల్టును నిమిషానికి ఒక చుట్టు తిప్పితే పై పలక భూమి తిరిగినంత వేగంతో లేస్తుంది. ఆ పై పలక మీద బాల్‌హెడ్ (కెమెరాను ఎటైనా తిప్పి బిగించుకునేది), దాని మీద కెమెరా. మీ బామ్మర్దికి ఒక్క పూట పని.

పెట్టేటప్పుడు బందు పిన్ను ధ్రువ నక్షత్రం వైపు గురి పెట్టాలి. మనకు ధ్రువం చాలా కింద, దిగంతానికి 17 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది కాబట్టి ఉత్తరాన గుట్టలూ, హైదరాబాద్ వెలుతురూ అడ్డం లేని చోటు చూసుకోండి. ఉత్తరం వైపు నిలబడితే బందు మీ ఎడమ చేతి వైపు, పై పలక కుడి వైపు నుంచి లేవాలి. తిరగేసి పెడితే చుక్కలు రెండింతలు సాగుతాయి. మీ 24 ఎంఎంతో రెండు నిమిషాల ఎక్స్‌పోజర్ హాయిగా వస్తుంది. సార్ చెప్పిన లెక్క ప్రకారం ఇదే పలకను స్టేషన్‌లో పెడితే బోల్టును నాలుగు సెకన్లకు ఒక చుట్టు తిప్పాలి, అక్కడ చేతులతో ఎందుకు కాదో ఇప్పుడు తెలుస్తుంది.

ట్రాకర్ తయారయ్యే లోపల స్టాకింగ్ మొదలుపెట్టండి. 10 సెకన్ల ఫ్రేములు వరసగా తీసి సీక్వేటర్ అనే సాఫ్ట్‌వేర్‌లో కలపండి, ఉచితంగా దొరుకుతుంది, నేలను విడిగా, ఆకాశాన్ని విడిగా పట్టుకుంటుంది. 16 ఫ్రేములు కలిపితే నాయిస్ నాలుగో వంతుకు వస్తుంది. నీళ్లలో చుక్కల నీడ పడిన ఫ్రేములు మాత్రం విడిగా ఉంచుకోండి, కలిపితే ఆ నీడ చెదిరిపోతుంది.

చోటు విషయానికి వస్తే, శ్రీశైలం రోడ్డులో మన్ననూరు గేటు రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూసేస్తారు, పులుల అడవి, లోపల ఎక్కడా దిగొద్దు. కొల్లాపూర్ దగ్గర సోమశిల బాగుంటుంది. అవకాశం ఉంటే నారాయణపేట జిల్లా ముడుమాల్ నిలువురాళ్ల దగ్గర పర్మిషన్ తీసుకుని ఒక రాత్రి తీయండి, అక్కడ ఒక బండ మీద గుంతలు చెక్కి ఉన్నాయి, అవి సప్తర్షి మండలం ఆకారమని పరిశోధకులు అంటున్నారు. ఏప్రిల్ రాత్రి ఆ రాళ్లు ముందు, సప్తర్షులు పైన, ఆ ఫ్రేము ఎవరైనా మంచిగా తీస్తే చూడాలని నాకు చానా రోజుల నుంచి ఉంది.


పేట_నుంచి_బెంగళూరు

అచ్చంపేట అన్న కొలతలు కరెక్టే. ఒక్కటే కలుపుతాను: బోల్టు నిటారుగా ఉంటుంది, పలక వంపులో లేస్తుంది, కాబట్టి పలక ఎక్కువ తెరుచుకునే కొద్దీ వేగంలో తేడా పెరుగుతూ పోతుంది. పది, పదిహేను నిమిషాలకొకసారి బోల్టును మొదటికి తిప్పుకుని మళ్లీ మొదలుపెట్టండి, వైడ్ లెన్స్‌కి ఆ తేడా కనిపించదు. పెళ్లిళ్లకు వాడే 70-200 జూమ్ లెన్స్ ఇప్పుడే పెట్టొద్దు. 200 ఎంఎం దగ్గర ధ్రువం వైపు గురి కొంచెం తప్పినా తెలిసిపోతుంది, బోల్టు తిప్పే చెయ్యి వణుకు కూడా పడుతుంది. ముందు 24తో నాలుగైదు రాత్రులు చేసి, తర్వాత 50కి పోండి. బోల్టు తలకి పెద్ద చక్రం ఒకటి అతికించి దాని మీద గడియారంలా సెకన్ల గుర్తులు గీసుకుంటే ఫోన్లో సెకన్లు చూస్తూ తిప్పడం తేలికవుతుంది, కుదుపు కూడా తగ్గుతుంది.